హార్మోన్ ప్యాచ్ ఒంటి మీద ఎక్కడ ఉంటే మీకు హాయి? నోటుపుస్తకంలో రాసి తెలుసుకునే పద్ధతి

చర్మం మీద అతికించుకునే ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) ప్యాచ్ మొదలుపెట్టిన ఆడవాళ్ళు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్పే మాట ఇంచుమించు ఒకటే. "కొన్ని రోజులు బాగుంటోందండీ, కొన్ని రోజులు మళ్ళీ మామూలే." బాగున్న రోజుల్లో ప్యాచ్ ఒంటి మీద ఎక్కడుంది, అది అతికించి ఎన్నో రోజు, అంచులు లేచాయా అని అడిగితే జవాబుండదు. గది బయట ఇంకా ఇరవైమంది కూర్చుని ఉంటే డాక్టరమ్మ మాత్రం ఏం చేస్తుంది? మోతాదు పెంచుతుంది, లేదా ప్యాచ్ మాన్పించి మాత్ర రాస్తుంది. చోటు మారిస్తే తీరే ఇబ్బందికి మందే మార్చుకున్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. అది చూసి బాధ కలిగి ఈ పద్ధతి రాస్తున్నాను. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, రోజూ పడుకోబోయే ముందు రెండు నిమిషాలు, కొన్ని నెలల ఓపిక ఉంటే చాలు.

ముట్లుడిగిన తరవాత ఆవిర్లు (ఉన్నట్టుండి ఒళ్ళు వేడెక్కడం), రాత్రి చెమటలు, నిద్రలేమి భరించలేక డాక్టరు సలహాతో ప్యాచ్ వాడుతున్నవాళ్ళ కోసం ఇది. మన దగ్గర ఇంకో వర్గం కూడా పెద్దదే. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ నిష్పత్తి దేశం మొత్తంలో ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే, నలభై నిండకపోయినా కొద్ది రోజుల్లోనే ఒళ్ళు భగ్గుమనడం మొదలవుతుంది. మెల్లగా ముట్లుడిగినవాళ్ళకన్నా వీళ్ళకు బాధ తీవ్రంగా ఉంటుంది. మీ ఆపరేషన్ కాగితాలు పెట్టెలో ఎక్కడో ఉంటాయి, తీసి చూడండి. అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది నోటుపుస్తకం మొదటి పేజీలో రాయవలసిన మొదటి విషయం.

మొదటి పేజీలో ఏం రాయాలి

ప్యాచ్ డబ్బా చేతిలోకి తీసుకోండి. దాని మీద 25, 50, 75, 100 లాంటి అంకె ఉంటుంది. రోజుకు అన్ని మైక్రోగ్రాముల ఎస్ట్రడయాల్ (ప్యాచ్‌లో ఉండే ఈస్ట్రోజెన్ రకం) చర్మం గుండా రక్తంలోకి వెళుతుందని దాని అర్థం. తరవాత చూడవలసింది, అది వారానికి ఒకసారి మార్చేదా, రెండుసార్లు మార్చేదా అని. ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మందుల షాపులో ఒక కంపెనీది లేక ఇంకోటి ఇచ్చినప్పుడు ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మూడున్నర రోజుల ప్యాచ్‌ను వారమంతా ఉంచుకుంటే చివరి మూడు రోజులూ ఆవిర్లు రాకుండా ఎలా ఉంటాయి? కంపెనీ మారిన ప్రతిసారీ ఆ తేదీ రాసుకోండి.

గర్భసంచి ఉన్నవాళ్ళు ప్యాచ్‌తోపాటు ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ మాత్ర కూడా తీసుకోవాలి. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమై, కాలక్రమంలో క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం ఉంది. ప్రొజెస్టిరాన్ మీకు రాసి ఉంటే ఏ రోజుల్లో వేసుకుంటున్నారో రాయండి. ఎందుకంటే రొమ్ముల నొప్పి, కడుపుబ్బరం, మగత చాలాసార్లు ఆ మాత్ర వల్ల వస్తాయి, నింద మాత్రం ప్యాచ్ మీద పడుతుంది. గర్భసంచి ఉండి కూడా ఆ మాత్ర రాయకపోతే, ఎందుకు రాయలేదో డాక్టరును అడిగి తీరాలి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్ళకు మరో మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈస్ట్రోజెన్ వల్ల ఒంట్లో నీరు నిలవవచ్చు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) ఎక్కువ ఉన్నవాళ్ళు ఆ రిపోర్టు చూపించకుండా హార్మోన్ ఏదీ మొదలుపెట్టవద్దు. కాళ్ళ వాపు అన్న గడి కూడా మీ పుస్తకంలో ఉండాలి.

ఒంటి పటం గీసుకోండి

రెండో పేజీలో మనిషి బొమ్మ ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి గీయండి. బొమ్మ బాగా రాకపోయినా పరవాలేదు. నాలుగు చోట్లు గుర్తుపెట్టండి: పొత్తికడుపు కుడి, పొత్తికడుపు ఎడమ, పిరుదు పైభాగం కుడి, పిరుదు పైభాగం ఎడమ. పొ.కు, పొ.ఎ, పి.కు, పి.ఎ అని పొట్టి పేర్లు పెట్టుకుంటే రోజూ రాయడం తేలిక. ఎక్కువ రకాల ప్యాచ్‌లకు కంపెనీలు చెప్పే చోట్లు ఇవే. మీ డబ్బాలోని కాగితంలో తుంటి పక్కభాగం కూడా ఉంటే అదీ కలుపుకోండి. రొమ్ముల మీద, వాటి దగ్గర్లో ఎప్పుడూ పెట్టకూడదు. పుండు, గజ్జి, మచ్చ, కొత్త ఆపరేషన్ కుట్టు ఉన్నచోటా వద్దు.

చీర కట్టేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. విదేశాల్లో అచ్చయ్యే కాగితాల్లో "నడుము దగ్గర బిగుతు బట్ట రాసుకునే చోట వద్దు" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. మనకు ఆ ఒక్క ముక్కే అసలు సమస్య. లంగా నాడా రోజంతా ఒకేచోట బిగిసి ఉంటుంది, చెమటకు తడుస్తుంది, కుచ్చిళ్ళు దోపినచోట బట్ట మందంగా ఉండి గాలాడదు. లంగా కట్టుకుని అద్దం ముందు నిలబడండి. నాడా కింద పడే గీత నుంచి నాలుగు వేళ్ళు దిగువన పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. మీ పొత్తికడుపు చోటు అక్కడ మొదలవుతుంది. కుచ్చిళ్ళు మధ్యకు వస్తాయి కాబట్టి చుక్క పక్కకు ఉండాలి. రాత్రి నైటీ వేసుకునేవాళ్ళు పగటి గీతనే లెక్కలోకి తీసుకోవాలి. చుడీదార్ వేసేవాళ్ళకు ఎలాస్టిక్ ఉన్నా, బొందు ఉన్నా ఇదే లెక్క.

మీరు చేసే పని కూడా చూసుకోండి. ఊడుపుల రోజుల్లో పొద్దస్తమానం వంగి ఉండేవాళ్ళకు పొత్తికడుపు మీద చర్మం మడతపడి, ప్యాచ్ మధ్యలో ముడుచుకుని అంచు లేస్తుంది. వాళ్ళకు పిరుదు పైభాగం నయం. పలాసలో జీడిపప్పు పని చేసేవాళ్ళు, పొందూరులో రాట్నం ముందు కూర్చునేవాళ్ళు, బ్యాంకుల్లో, కుట్టుమిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు గంటలకొద్దీ కూర్చుంటారు. వాళ్ళు పిరుదు మీద పెట్టుకుంటే బాగా పైన, బయటివైపుకు పెట్టాలి. కూర్చున్నప్పుడు బల్లకు ఆనే చోట పెడితే ఒక్క రోజులో చుట్టుకుపోతుంది. లేచి, కూర్చుని, వంగి, బాసింపట్టు వేసి, నాలుగు భంగిమల్లోనూ వేలితో తడిమి చూసుకుని చోటు నిర్ణయించుకోండి. ఈ పది నిమిషాలు ఎవరూ పెట్టరు. ప్యాచ్ నిలవడం, నిలవకపోవడం సగం ఇక్కడే తేలిపోతుంది.

వారంలో ఏ రోజులు పెట్టుకోవాలి

వారానికి రెండుసార్లు మార్చే ప్యాచ్ అయితే సోమ, గురు అనో, బుధ, ఆది అనో జంట పెట్టుకోండి. ఒకసారి పెట్టుకున్నాక మార్చవద్దు. వారం ఎంచుకునేటప్పుడు మీ తలంటు రోజు చూసుకోండి. శుక్రవారం ఒళ్ళంతా నూనె రాసుకుని తలంటుకునే అలవాటు ఉంటే గురువారం కొత్త ప్యాచ్ పెట్టడం దండగ. మర్నాడే నూనె దాని అంచుల కిందికి పోతుంది. అలాంటివాళ్ళు శుక్రవారం తలంటు అయ్యాక, ఒళ్ళు పూర్తిగా ఆరాక ఒకటి, సోమవారం రాత్రి మరొకటి పెట్టుకుంటే సరిపోతుంది. గోడ క్యాలెండరులో ఆ వారాల కింద చిన్న గుండ్రం చుట్టండి, ఇంట్లో అడిగేవాళ్ళకు చెప్పనక్కరలేదు.

అతికించే పద్ధతి

స్నానం చేశాక వెంటనే పెట్టవద్దు. మన తేమ గాలిలో తుడుచుకున్నా ఒళ్ళు ఆరదు. ఫ్యాను కింద పావుగంట ఉండండి. ఆ చోట పౌడరు, కొబ్బరినూనె, పసుపు, క్రీము ఏదీ ఉండకూడదు. నలుగు పెట్టుకున్న రోజు నూనె జిడ్డు పోయేలా మామూలు సబ్బుతో ఆ చోట మాత్రం ఇంకోసారి కడిగి ఆరబెట్టాలి. సంచి చింపిన వెంటనే పెట్టాలి, తెరిచి దాచకూడదు. జిగురు వైపు వేలు తగలకుండా పొర సగం తీసి, అతికించి, మిగతా సగం లాగి, అరచేతితో కనీసం పది సెకన్లు గట్టిగా అదమాలి. అంచుల చుట్టూ వేలు తిప్పాలి. అరచేతి వెచ్చదనానికి జిగురు పట్టుకుంటుంది. డాక్టరు చెప్పకుండా ప్యాచ్‌ను కత్తిరించకూడదు.

కొత్తది ఎప్పుడూ పాతది ఉన్నచోట కాకుండా వేరేచోట. ఒకేచోటికి మళ్ళీ రావడానికి కనీసం వారం ఎడం ఉండాలి. పాతది తీశాక మిగిలిన జిగురు నల్లటి గీతలా ఉండిపోతుంది. గోళ్ళతో గీకితే చర్మం రేగుతుంది. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, కాసేపాగి మెత్తటి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. ఆ చోట ఎలాగూ వెంటనే కొత్తది పెట్టం కాబట్టి నూనె వల్ల నష్టం లేదు.

తీసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, కాగితంలో చుట్టి, మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. పాకే పిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మరుగుదొడ్డిలో వేయవద్దు.

రోజూ రాత్రి రాసే ఒక్క వరుస

పెద్ద డైరీ వద్దు. పెద్దది మొదలుపెట్టినవాళ్ళు వారం దాటరు. ఒక్క వరుస చాలు. నేను చెప్పే వరుస ఇలా ఉంటుంది:

గురు. పొ.ఎ. 2వ రోజు. పగటి ఆవిర్లు 3, గట్టిగా ఒకటి. రాత్రి లేచింది 2. దురద 1. అంచు: కుడివైపు లేచింది. తలనొప్పి లేదు. రొమ్ము నొప్పి 0. కరెంటు రాత్రి పోయింది. కొత్త బీపీ మాత్ర.

దురద, నొప్పి లాంటివాటికి 0 నుంచి 3 దాకా అంకె. 0 అంటే లేదు, 1 అంటే గమనిస్తే తెలుస్తుంది, 2 అంటే పనికి అడ్డు, 3 అంటే భరించలేను. పదికి ఎంత అని వేసుకునేవాళ్ళు ఉన్నారు కానీ ఐదుకూ ఆరుకూ తేడా ఏమిటో మర్నాడు మీకే గుర్తుండదు. "ఎన్నో రోజు" అన్నది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలవద్దు. చోటు, రోజు ఈ రెండూ లేని లెక్క డాక్టరుకు పనికిరాదు.

ఇక అసలు చిక్కు ఎండాకాలం. మే నెలలో సముద్రపు తేమతో ఎవరికి చెమటలు పట్టవు? "ఏటప్పా, ఒళ్ళు మండిపోతోంది" అన్న మాట ఇంట్లో ప్రతివాళ్ళ నోటా వస్తుంది. అందులో హార్మోన్ ఆవిరి ఏది, వాతావరణం ఏది? తేడా పట్టుకోవచ్చు. ఆవిరి ఉన్నట్టుండి వస్తుంది. ఛాతీలోనో మెడ దగ్గరో మొదలై ముఖానికి ఎక్కుతుంది, గుండె దడదడలాడుతుంది, కొద్ది నిమిషాల్లో తగ్గి, కొందరికి వెంటనే చలి పుడుతుంది. పక్కన ఉన్నవాళ్ళకు ఏమీ ఉండదు. వాతావరణం ఉక్క నెమ్మదిగా పెరుగుతుంది, గదిలో అందరికీ ఉంటుంది, ఫ్యాను వేస్తే తగ్గుతుంది. రాత్రి చెమటకు మెలకువ వచ్చినప్పుడు పక్కన పడుకున్నవాళ్ళ మెడ తడిమి చూడండి. వాళ్ళకూ తడిగా ఉంటే ఆ మెలకువను ఉక్క కింద రాయండి. కరెంటు పోయిన రాత్రికి పక్కన ఒక గుర్తు పెట్టి, చివర్లో లెక్క చూసేటప్పుడు ఆ రాత్రులను పక్కన పెట్టేయండి. తుపాను రోజుల్లో కరెంటు లేకుండా గడిపినవాళ్ళకు ఈ గుర్తు విలువ బాగా తెలుస్తుంది.

ఆవిర్లను తలపించేవి ఇంకా ఉన్నాయి. అమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలు ముఖానికి వేడి తెప్పిస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనా, షుగరు మందు వేసుకుని వేళకు తినక షుగరు పడిపోయినా దడ, చెమట వస్తాయి. అందుకని కొత్త మందు, మోతాదు మార్పు, ఉపవాసం, జ్వరం ఉన్న రోజు ఆ మాట వరుసలో పడాలి. చాయ్, మిరపకాయ బజ్జీ లాంటివి కొందరికి ఆవిరిని రేపుతాయి, అవి మీకు రేపుతాయనిపిస్తే రాయండి. అన్నీ రాయాలని మాత్రం పెట్టుకోవద్దు.

వెచ్చదనం గురించి విడిగా చెప్పాలి. నడుము నొప్పికి వేణ్ణీళ్ళ బ్యాగుతో కాపడం పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్యాచ్ పిరుదు పైభాగంలో ఉండగా దాని మీద కాపడం పడితే మందు మామూలుకన్నా ఎక్కువ వేగంగా లోపలికి వెళుతుంది. ఆ రోజు తలనొప్పి, రొమ్ముల బరువు, వికారం వచ్చి మర్నాటికి ఆవిర్లు తిరిగొచ్చాయంటే కారణం అదే కావచ్చు. కాపడం పెట్టే చోటికీ ప్యాచ్‌కీ దూరం ఉంచండి. ప్యాచ్ మీద నేరుగా ఎండ తగలకుండా బట్ట కప్పి ఉండాలి.

చోట్లను పోల్చే క్రమం

ప్యాచ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు వెంటనే చోట్లు పోల్చవద్దు. మందు పూర్తి ఫలితం చూపడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ కాలంలో ఎక్కడ పెట్టినా నెమ్మదిగా మెరుగవుతూనే ఉంటుంది, ఆఖరున పెట్టిన చోటుకు పేరొస్తుంది. కాబట్టి మొదటి మూడు నెలలు ఊరికే రాస్తూ పోండి. ఆ తరవాతే పోలిక.

మూడు వారాలు పొత్తికడుపు ఒక్కటే, కుడి ఎడమలు మార్చుకుంటూ. వారానికి రెండుసార్లు మార్చే ప్యాచ్‌తో ఇలా చేస్తే ఒకేవైపుకు సరిగ్గా వారానికి తిరిగి వస్తారు, అయినా ప్రతిసారీ రెండు వేళ్ళు అటో ఇటో జరపండి. తరవాత మూడు వారాలు పిరుదు పైభాగం ఒక్కటే. ఆ తరవాత రెండు వారాలు మళ్ళీ పొత్తికడుపు. ఈ ఆఖరి రెండు వారాలూ దండగని చాలామందికి అనిపిస్తుంది. కానీ అవే ముఖ్యం. రెండో విడతలో బాగున్నది చోటు వల్లనా, వాతావరణం చల్లబడడం వల్లనా అన్నది మొదటి చోటికి తిరిగి వెళితేనే తెలుస్తుంది. వారానికి ఒక్కసారి మార్చే ప్యాచ్ అయితే విడతకు నాలుగేసి వారాలు పెట్టుకోండి. ఈ కాలమంతా మోతాదు, కంపెనీ మార్చకుండా ఉండగలిగితే ఉండండి. పెళ్ళిళ్ళు, సిరిమానోత్సవం లాంటి హడావిడి, నిద్ర లేని రోజులు మధ్యలో పడితే ఆ వారాన్ని లెక్కలోంచి తీసేసి ఒక వారం పొడిగించుకోండి.

చోటును బట్టి తేడా నిజంగా వస్తుందా అని సందేహం రావచ్చు. కొన్ని రకాల ప్యాచ్‌లతో చేసిన పరీక్షల్లో, పొత్తికడుపు మీదకన్నా పిరుదు మీద పెట్టినప్పుడు రక్తంలో ఎస్ట్రడయాల్ కొంత ఎక్కువగా కనిపించింది. ఆ తేడా అందరికీ ఒంట్లో తెలియదు. తెలిసేవాళ్ళకు మాత్రం సరిపోయీ సరిపోనట్టున్న మోతాదు సరిపోవడమా, చాలకపోవడమా అన్నది అక్కడే తేలుతుంది.

లెక్క చూడడం

పోలిక వారాలన్నీ అయ్యాక ఒక ఖాళీ పేజీలో ప్రతి చోటుకు ఒక నిలువు గడి, ప్యాచ్ ఒకటో రోజు, రెండో రోజు అలా ప్రతి రోజుకు ఒక అడ్డ గడి గీసి, ఆవిర్ల అంకెలు నింపండి. కూడికలు, సగటులు రాకపోయినా పరవాలేదు, కంటికే కనిపిస్తుంది.

ఏ చోటైనా సరే, మార్చే రోజుకు ముందురోజు మాత్రమే ఆవిర్లు పెరుగుతున్నాయా? అప్పుడు చోటును తప్పుపట్టవద్దు. ప్యాచ్‌లో మందు చివరికొచ్చి తగ్గుతోంది. మీరు మార్చడం ఆలస్యం చేస్తున్నారేమో తేదీలు చూడండి. వేళకే మారుస్తుంటే ఆ పేజీ డాక్టరుకు చూపించండి. వాళ్ళు చేయగలిగింది ఉంది.

ఒక్క చోటులోనే ఎక్కువ, అదీ అంచు లేచిందని రాసిన రోజుల్లోనేనా? అది జిగురు సమస్య. లేచినంత మేర మందు లోపలికి వెళ్ళదు. మోతాదు పెంచమని అడిగే ముందు దీన్ని సరిచేయాలి. నాడా నుంచి ఇంకా దిగువకు జరపడం, ఆరబెట్టే సమయం పెంచడం, అంచుల చుట్టూ మాత్రం మైక్రోపోర్ టేపు వేయడం చేసి చూడండి. అంచు చక్కగా అతుక్కుని ఉండి కూడా ఒక చోట ఆవిర్లు ఎక్కువ, మరోచోట తక్కువ ఉంటే, తక్కువ ఉన్నచోటే కుడి ఎడమలు మార్చుకుంటూ కొనసాగండి.

పిరుదు మీద పెట్టిన వారాల్లో ఆవిర్లు తగ్గి, రొమ్ముల నొప్పి, తలనొప్పి పెరిగాయా? మందు ఎక్కువ అందుతోందేమో. ముందు ప్రొజెస్టిరాన్ రోజులతో పోల్చి చూడండి. రెండు తేదీలూ కలిస్తే మాత్ర వైపు అనుమానించాలి. కలవకపోతే పొత్తికడుపుకు మారితే సరిపోవచ్చు, లేదా డాక్టరు మోతాదు తగ్గించవచ్చు.

ఏ చోటా, ఏ రోజూ తేడా లేకుండా ఆవిర్లు అలాగే ఉన్నాయంటే చోట్లు మార్చుకుంటూ ఇంకా నెలలు గడపకండి. మోతాదో, అసలు కారణమో చూడవలసింది డాక్టరు. యోని పొడిబారడం, మూత్రంలో మంట కూడా ప్యాచ్ చోటుతో తేలే విషయాలు కావు. వాటికి విడిగా పైపూత మందులు ఉన్నాయి. సిగ్గుపడి చెప్పకుండా ఉండిపోయే బాధ ఇదే, దయచేసి చెప్పండి.

ఎస్ట్రడయాల్ ప్యాచ్ వాడే ట్రాన్స్ మహిళలకూ ఈ పుస్తకం ఇలాగే పనికొస్తుంది. వాళ్ళ మోతాదులు వేరు, రక్తపరీక్షలు తప్పనిసరి. రక్తం ఇచ్చిన రోజు ప్యాచ్ ఎన్నో రోజులో ఉందో, ఎక్కడుందో రాసుకుంటే ఆ అంకెకు అర్థం ఉంటుంది. ముట్లుడిగినవాళ్ళకు సాధారణంగా ఆవిర్లు తగ్గాయా అన్నదే కొలత, రక్తపరీక్ష ప్రతిసారీ అవసరం లేదు.

చర్మం రేగితే

ప్యాచ్ తీశాక అరపూటలో పోయే లేత ఎరుపు మామూలే. పోకుండా రెండు రోజులుంటే, ఎక్కడెక్కడ అలా అయిందో పటం మీద ఎర్ర పెన్నుతో చుట్టండి. ఒక్కచోటే అయితే చెమట, రాపిడి అనుకోవచ్చు. నాలుగు చోట్లా ప్యాచ్ ఆకారంలోనే అచ్చు గుద్దినట్టు ఎర్రబడి, దురద, నీటిపొక్కులు వస్తుంటే జిగురు పడలేదని అర్థం. కంపెనీ మారిస్తే కుదరవచ్చు, లేదా చర్మానికి రాసే జెల్‌కు మారవచ్చు. తగ్గుతుందని షాపులో ఇచ్చే మిశ్రమ స్టెరాయిడ్ క్రీములు రాయకండి. చర్మం పలచబడి ఇంకా పాడవుతుంది. చూపించడానికి ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, ఆసుపత్రికి వెళ్ళేసరికి మచ్చ మాయమవుతుంది.

ఊడిపోతే, దొరక్కపోతే

ఊడిపోతే, జిగురు ఇంకా ఉంటే అదే ప్యాచ్‌ను పొడిగా ఉన్న వేరేచోట అతికించండి. పట్టకపోతే కొత్తది పెట్టండి. ఏది చేసినా, తరవాత మార్చే రోజు మాత్రం మునుపటిదే. బట్టలు ఉతికేటప్పుడు చీర మడతలో దొరికే ప్యాచ్ ఎప్పుడు ఊడిందో తెలియదు కాబట్టి, రోజూ స్నానానికి ముందు ఒకసారి తడిమి చూసుకునే అలవాటు చేసుకోండి.

ప్యాచ్‌లు అన్ని మందుల షాపుల్లో ఉండవు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్ల పైమాట. ఆఖరి ప్యాచ్ పెట్టుకున్నాక వెతకడం మొదలుపెడితే వారం గడిచిపోతుంది. డబ్బాలో రెండు మిగిలినప్పుడే చెప్పి తెప్పించుకోండి. రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు ఎండాకాలంలో అటక మీద, గ్యాస్ పొయ్యి పక్కన పెట్టవద్దు. డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత చూసి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, సంచి చింపకుండా ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టాలా వద్దా అన్నదీ డబ్బా మీదే ఉంటుంది. ఎంఆర్ఐ స్కాన్‌కు వెళితే ఒంటి మీద ప్యాచ్ ఉందని ముందే చెప్పండి. కొన్నిటి వెనక పొరలో లోహం ఉంటుంది.

పుస్తకం మూసి ఆసుపత్రికి పరుగెత్తవలసినవి

ఒక కాలు వాచి, పిక్క నొప్పిగా వెచ్చగా ఉండడం. ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం. ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం. వీటికి 108కి ఫోన్ చేయాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. కళ్ళు పచ్చబడినా, రొమ్ములో గడ్డ తగిలినా అదే వారంలో చూపించుకోండి. ప్యాచ్, ప్రొజెస్టిరాన్ మొదలుపెట్టిన తొలి నెలల్లో కొద్దిగా మరకలు కనిపించడం ఉంటుంది, అయినా తేదీలు రాసి డాక్టరుకు చెప్పాలి. ఆరు నెలలు దాటాక కూడా కనబడినా, ఎర్రగా ఎక్కువగా అయినా, ఆగిపోయి మళ్ళీ వచ్చినా స్కానింగ్ చేయించుకోవాలి. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకునే విషయం కాదు ఇది.

డాక్టరు ముందు

పుస్తకమంతా చేతికిస్తే తిరగేసే తీరిక ఉండదు. వెళ్ళేముందు రోజు ఒక కాగితం మీద ఏడు ముక్కలు రాయండి: ప్యాచ్ పేరు, అంకె, ఎప్పటి నుంచి వాడుతున్నారు, ఏ చోట ఆవిర్లు ఎన్ని, ఎన్నో రోజున పెరుగుతున్నాయి, చర్మం సంగతి, మిగతా మందులు. కింద ఒకే ఒక్క ప్రశ్న రాయండి, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మాట్లాడ్డానికి మొహమాటపడే అత్తగారినో, అక్కనో తీసుకెళ్ళేవాళ్ళు ఆ కాగితం వాళ్ళ చేతే రాయించి, వాళ్ళ చేతే ఇప్పించండి. ఒళ్ళు వాళ్ళది, మాట వాళ్ళదే కావాలి.

డాక్టరు మోతాదు మారిస్తే ఆ రోజు నుంచి కొత్త పేజీ మొదలుపెట్టి, అంతకుముందు మీకు బాగా కుదిరిన చోటులోనే కనీసం ఎనిమిది వారాలు పెట్టుకోండి. మోతాదూ చోటూ ఒకేసారి మార్చారంటే ఇన్నాళ్ళూ రాసినదానితో పోల్చడానికి ఏమీ మిగలదు.